అయినవాళ్ళకు ఐదు తక్కువ

నాలుగో అంతస్తు, వంటింటి బల్ల
వేసవి చివరి సోమవారం

ఒసే పొట్టీ,

నీ చెవులు పూర్తిగా మూతపడ్డాక మనిద్దరికీ మిగిలింది ఈ తపాలా ఒక్కటే. ఫోనులో నేను అరవడం, నువ్వు "ఆఁ? ఆఁ?" అనడం, నేనెవరినో చంపుతున్నాననుకుని పక్కింటివాళ్ళు తలుపు కొట్టడం, ఆ ముచ్చట తీరిపోయింది. మెసేజీలంటావా, అరచెయ్యంత గాజుపలక మీద కోడిలా పొడిచి పొడిచి రాయడం నాకు చేతకాదు. రాస్తే కాగితం నిండాలి.

సంగతేమిటంటే, నాకు ఉద్యోగం వచ్చింది. నవ్వకు. డెబ్బై నాలుగేళ్ళకు వచ్చింది. మా మనవరాలు ఆసుపత్రిలో రోజంతా సూదులు పొడిచేది చాలక, నా పేరు మీద నగరపాలక సంస్థకు ఏదో ఫారం నింపి పంపింది. "అమ్మమ్మా, ఇంట్లో కూర్చుని న్యూస్‌పేపర్లో అచ్చుతప్పులు దిద్దుతున్నావు. ఆ సంగతి పేపరువాళ్ళకి కూడా తెలీదు. ఆ ఎర్రపెన్నేదో ఎవరికైనా పనికొచ్చేట్టు వాడు" అంది. మామూలు పౌరుల్లోంచి కొందరిని లాటరీ తీశారట. జన్మలో నాకు తగిలిన మొదటి లాటరీ, బహుమానమేమో చాకిరీ.

వారానికి మూడు రోజులు మునిసిపల్ భవనం రెండో అంతస్తులో కూర్చుని కాగితాలు చదివి మార్కులు వేయాలి. ఏం కాగితాలని అడక్కు. ఎవరికీ చెప్పనని సంతకం చేశాను. గదికి రెండు కిటికీలున్నాయి, రెండూ తెరుచుకోవు. నా పక్క కుర్చీలో రిటైరైన బ్యాంకు మేనేజరు కూర్చుంటాడు. ఆయన పెన్సిలుతో మార్కులు వేసి, నా వైపు చూసి, రబ్బరుతో చెరిపి, మళ్ళీ వేస్తాడు. నేను సిరాతోనే వేస్తాను. వేసిన మార్కు వేసినట్టే.

చూపుడువేల్లో విరిగిన కొయ్యముల్లు తీయించుకున్నావా? మొండికెత్తకు.

మీ అక్క

*

హాలు వెనక గది, బొమ్మల మధ్య
గురువారం

మహారాజశ్రీ పెద్ద పంతులమ్మగారి సముఖానికి,

ముల్లు తీశారు. ఉద్యోగానికి అభినందనలు. ఆ పిల్లలెవరో గానీ వాళ్ళకు నా సానుభూతి. మునిసిపల్ బడుల స్కాలర్‌షిప్ పరీక్ష పేపర్లేగా, దానికి అంత గుట్టెందుకు? నువ్వు దిద్దుతున్నావని తెలిస్తే పరీక్ష రాయడం మానేస్తారనా?

ఇక నా సంగతి. కూర్చుని చదువు.

ఇరవై ఎనిమిదేళ్ళుగా నగర కళానిధి నుంచి మా బొమ్మలాటకు వస్తున్న సాయం ఈ ఏటితో ఆగిపోయింది. మేమొక్కళ్ళమే కాదు, పాతవాళ్ళందరిదీ ఆపారు. ఇకమీదట ఎవరైనా కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలట. పద్దెనిమిది పేజీల ఫారం. హాలు కూడా నగరానిదే కదా. సాయం రాకపోతే చలికాలం మొదట్లో తాళంచెవులు అప్పగించాలని అదే ఉత్తరంలో రాశారు. మొన్న ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని కొలతలకు కూడా వచ్చారు. వేదిక మీద బూట్లతో నడుస్తూ ఒకాయన ఏదో అన్నాడు. నాకు వినపడదుగా, డ్రమ్ములాయన అట్టముక్క మీద రాసి చూపించాడు: "ఇక్కడ పద్నాలుగు కార్లు పడతాయట."

పద్నాలుగు కార్లు! మేం ముగ్గురం ఉన్నాం. నేను, డ్రమ్ములాయన, కుట్టుపనావిడ. ముగ్గురికీ కలిపి పనిచేసే చెవులు నాలుగు. ఈ హాలు పోతే ముగ్గురికీ వేరే చోటు లేదు. బొమ్మలు అరవై మూడున్నాయి. దారాలతో వేలాడదీయాలంటే ఎత్తైన కప్పు కావాలి. నేనుండే గది ఎత్తు నీకు తెలుసు. అందులో నేనే వంగి నడుస్తాను, పొట్టిదాన్నయ్యుండీ.

అక్కా, రాత నీ విద్య. నాకు చేతులే నోరు. ఒక్క ఆదివారం రా. నేను చెబుతూ ఉంటాను, నువ్వు రాయి. "మీ కళ వల్ల సమాజానికి కలిగే, కొలవదగిన ప్రయోజనం" అని ఒక ప్రశ్న ఉంది. దాన్ని మూడు రోజులుగా చూస్తున్నాను. అదీ నన్ను చూస్తోంది.

నీ
పొట్టి

*

నాలుగో అంతస్తు
శనివారం

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. నేను రాలేను. మోకాళ్ళు బాగాలేవు. రాసిపెట్టడం కూడా నా వల్ల కాదు. నీ దరఖాస్తు నువ్వే రాసుకో.

ఆ ఫారం గురించి ఇకమీదట నాకేమీ రాయకు. అందులో ఏం అడిగారో, నువ్వేం జవాబిచ్చావో, ఒక్క ముక్క కూడా వద్దు.

ఇక్కడ ఎండలు తగ్గాయి. లిఫ్టు ఆగిపోయింది. మనవరాలు క్షేమం.

అక్క

*

హాలు వెనక గది
వానలు పట్టిన వారం

అక్కా,

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నావన్నమాట. సరే.

ఒక్కటి అర్థం కాలేదు. నీ మోకాళ్ళు మునిసిపల్ భవనం మెట్లు వారానికి మూడుసార్లు ఎక్కుతున్నాయి. నా హాలుకున్నవి మూడే మెట్లు. ఆరేళ్ళుగా ఆ మూడు మెట్లూ నువ్వు ఎక్కలేదు. నేను మాటలు తీసేసి, ఒట్టి కదలికల ఆట మొదలుపెట్టాక ఒక్కసారీ రాలేదు. బొమ్మలతో ఆడుకునే వయసు దాటిందని నీ ఉద్దేశమేమో, పైకి అనకపోయినా నాకు వినపడుతుంది. చెవిటిదాన్నే గానీ ఆ మాత్రం వినపడుతుంది.

దరఖాస్తు నేనే రాసి పంపేశాను. ఏం రాశానో చెప్పను, వద్దన్నావుగా. ఒక్క సంగతి మాత్రం చెప్పి నవ్వించాలని ఉంది. చివరి పేజీలో "కళానిధి విభాగంలో మీ బంధువులెవరైనా పనిచేస్తున్నారా?" అని అడిగారు. లేరని రాసి సంతకం పెట్టాను. "ఉంటే మనకీ గతెందుకు పడుతుంది" అని కుట్టుపనావిడ అట్ట మీద రాసింది. నేను గట్టిగా నవ్వానట. ఎంత గట్టిగా నవ్వానో నాకు తెలియదు, డ్రమ్ములాయన ఉలిక్కిపడ్డాడు.

శనివారం ఆటకు పుస్తకాల బైండింగ్ కార్ఖానా నుంచి పాతికమంది వస్తున్నారు. అందరూ నాలాంటివాళ్ళే. ముందు వరుసల్లో కుర్చీలు తీయించేశాను. చెప్పులు విప్పి, చెక్కనేల మీద కూర్చుంటారు. డ్రమ్ములాయన వేదిక అంచు మీద వాయిస్తే ఆ దెబ్బ నేలలోంచి అరికాళ్ళకు ఎక్కుతుంది. గాలికి ఎదురు గొడుగు పట్టుకుని నడిచే ముసలావిడ బొమ్మంటే వాళ్ళకు ప్రాణం. దాని ముక్కు నీదే. నువ్వు ఒప్పుకోవు గానీ, నీదే.

పొట్టి

*

నాలుగో అంతస్తు, వంటింటి బల్ల
బుధవారం, వాన

ఒసే,

నీ ఉత్తరానికి నెల తర్వాత జవాబు రాస్తున్నాను. కోపం వల్ల కాదు.

మనవరాలికి జలుబు. వంటింటి గోడ చెమ్మ పట్టింది. బ్యాంకు మేనేజరు రబ్బరు అరిగిపోయి కొత్తది కొనుక్కున్నాడు. రాయడానికి ఇంతకంటే ఏమీ లేదు. అయినా కాగితం తీశాను.

తొమ్మిదో తరగతిలో నువ్వు నా క్లాసులో కూర్చున్నావు, గుర్తుందా? నాకు ఉద్యోగం వచ్చిన మొదటి ఏడు. మూడో బెంచీ, కిటికీ పక్క. నన్ను "టీచర్" అనలేక, "అక్కా" అనకూడదు గనక, ఏడాదంతా నన్ను పిలవకుండానే గడిపేశావు. ఆ ఏడు నీ పేపర్లు ఎలా దిద్దేదాన్నో నీకు తెలుసా? ఊరికే అడుగుతున్నాను.

నిన్న ఒక కాగితం చదివి గట్టిగా నవ్వాను. మేనేజరు పెన్సిలు కింద పడేసుకున్నాడు. తర్వాత సాయంత్రం దాకా మరో కాగితం చదవలేకపోయాను.

నీ ఆరోగ్యం జాగ్రత్త. తడి కొయ్య చెక్కకు, ఉలి జారుతుంది.

అక్క

*

హాలు వెనక గది
చలి మొదలు

అక్కా,

రాలేదు. మూడు మార్కుల్లో సాయం పోయింది.

నిన్న కవరు వచ్చింది. కుట్టుపనావిడ విప్పి చదివింది. నాకు చూపించకుండా మడిచి జాకెట్లో దోపుకుంది. పెద్దమనిషి జాకెట్లో చెయ్యి పెట్టి లాక్కోవాల్సొచ్చింది. డ్రమ్ములాయన వేదిక అంచు మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, అలాగే ఉండిపోయాడు. ఆయన చేతులు ఊరికే ఉండగా చూడడం నాకిదే మొదలు.

దరఖాస్తులన్నీ పేర్లు కనపడకుండా నల్లసిరా పూసి ముగ్గురు పరిశీలకులకు ఇచ్చారట. ముగ్గురూ మామూలు పౌరులట, ముగ్గురి మార్కులూ కూడారట. వాళ్ళ అభిప్రాయాలు టైపు చేయించి మాకు పంపారు. మొదటివారు "మంచి ప్రయత్నం" అన్నారు. ఇరవై ఎనిమిదేళ్ళ ప్రయత్నం. రెండోవారు "ఈ కాలానికి తగినట్టు తెరమీద వేస్తే ఎక్కువమందికి చేరుతుంది" అన్నారు.

మూడోవారిది ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఎత్తుగడ లేదు. చెప్పవలసినది పదహారో పేజీలో దొరికింది. మొదటి పేజీలో ఉండవలసింది."

నువ్వు అడిగావుగా, నీ క్లాసులో నా పేపర్లు ఎలా దిద్దేదానివో తెలుసా అని. తెలియకేం? క్లాసంతటికీ తెలుసు. నాకు ఎంత రావాలో అంత వేసి, అందులోంచి ఐదు తీసేసేదానివి. చెల్లెలికి ఎక్కువ వేసిందని ఎవరూ అనకూడదని. నా పక్కన కూర్చునే పిల్ల లెక్క కట్టి మరీ చెప్పేది, "నీ మార్కుకి ఐదు కలిపితే నీ అసలు మార్కొస్తుందే" అని. నీ కూతురు చదివినప్పుడూ అంతే చేశావు. కానివాళ్ళకు కంచాల్లో, అయినవాళ్ళకు ఆకుల్లో. మన ఇంట్లో ఆ సామెత వంట గురించి కాదు, నీ గురించి.

ప్రతి వ్యాసం కిందా ఎర్రసిరాతో ఇలాంటిదే ఒక వాక్యం రాసేదానివి. అది కూడా గుర్తుంది.

అక్కా, ఆ మునిసిపల్ భవనంలో నువ్వు దిద్దేవి ఏం కాగితాలు?

*

నాలుగో అంతస్తు, వంటింటి బల్ల
సోమవారం పొద్దున్న

చెల్లీ,

కళానిధి దరఖాస్తులు.

నువ్వు మొదటి ఉత్తరంలో సాయం అడిగినప్పుడే నాకు కాళ్ళ కింద నేల కదిలింది. పరిశీలకురాలిని, నీకు రాసిపెట్టకూడదు. రాసిపెట్టలేనని చెప్పి కారణం కూడా చెప్పకూడదు. అందుకని మోకాళ్ళ మీదికి తోశాను. అవి ముసలివి, అభ్యంతరం చెప్పలేదు.

నా వాటాకు వచ్చిన నలభై ఫైళ్ళలో నీది ముప్ఫై ఒకటోది. పేరు మీద సిరా ఉంది. ఏం లాభం? పదహారో పేజీలో, కొలవదగిన ప్రయోజనం ఏమిటన్న చోట నువ్వు రాశావు: "కొలవలేదు. కొలిచే బద్ద మీ దగ్గరుంటే పంపండి, కొలిచి తిరిగిచ్చేస్తాను." ఆ ఒక్క మాటతో నువ్వు ఎదురుగా వచ్చి కూర్చున్నట్టయింది. దాని కిందనే చెక్కనేల గురించి, అరికాళ్ళ గురించి, ఆట అయ్యాక చెప్పులు వేసుకోకుండా కాసేపు అలాగే కూర్చుండిపోయే మనుషుల గురించి రాశావు. నీ చెవుల సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు. జాలి మార్కులు వద్దనుకున్నావు. అదీ నాకు తెలిసింది.

అలా ఎవరినైనా గుర్తుపడితే ఏం చేయాలో మాకు మొదటి రోజే చెప్పారు. బల్ల సొరుగులో పచ్చ చీటీలుంటాయి. ఫైలులో ఒక చీటీ పెట్టి పక్కకు నెట్టాలి. పేరు రాయనక్కర్లేదు, కారణం చెప్పనక్కర్లేదు. అది ఇంకొకరి దగ్గరికి పోతుంది. సొరుగు లాగాను. చీటీ బయటికి తీశాను. మళ్ళీ లోపల పెట్టాను.

ఎందుకంటే, పచ్చ చీటీ పెడితే నేను న్యాయంగా దిద్దలేనని ఒప్పుకున్నట్టని అనిపించింది. నలభై ఏళ్ళు దిద్దినదాన్ని, నాకు ఇంకొకరి సాయమా అనుకున్నాను. రెండుసార్లు చదివాను. నచ్చింది. నచ్చినకొద్దీ, ఇది నా రక్తం మాట్లాడుతున్న మాటేమోనని అనుమానం ఎక్కువైంది. ఎనభై రెండు వేయాలనిపించింది. డెబ్బై ఏడు వేశాను.

చెయ్యి అలవాటుకొద్దీ దానంతటదే తగ్గించిందని రాద్దామనుకున్నాను. అది అబద్ధం. తగ్గించింది చెయ్యి కాదు, నేను. తగ్గించి, గర్వపడ్డాను కూడా. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఈ నగరంలో నాలాంటివాళ్ళు పదిమంది ఉంటే బాగుపడుతుందనుకున్నాను. చూశావా, నా బుద్ధి.

మూడు మార్కుల్లో పోయిందని నువ్వు రాశావు. నేను తీసింది ఐదు. ఇప్పుడు చేయవలసింది ఒక్కటే ఉంది. విభాగం ఆఫీసరమ్మ దగ్గరికి వెళ్ళి జరిగింది చెబుతాను. నా మార్కు కొట్టేసి నీ ఫైలు వేరేవాళ్ళ చేత చదివించమంటాను. నీ జవాబు వచ్చేదాకా ఆగితే నా మనసు మారుతుందేమోనని భయం. అందుకే ఆగడం లేదు. ఈ ఉత్తరం డబ్బాలో వేసి, అట్నుంచి అటే వెళుతున్నాను.

క్షమించమని అడగను. అడిగితే క్షమించాల్సిన పని నీ నెత్తిన పడుతుంది.

అక్క

*

హాలు వెనక గది
సోమవారం

అక్కా, అక్కా,

నేను మొన్న అడిగిన ప్రశ్న మర్చిపో. జవాబు రాయకు. రాసి ఉంటే చించెయ్యి. నువ్వేమీ చెప్పలేదు, నేనేమీ అడగలేదు, సరేనా?

ఈ పొద్దున కళానిధి ఆఫీసు మనిషి ఒకాయన వచ్చాడు. ఎంపికైనవాళ్ళలో ఒక నృత్య బృందం వాళ్ళలో వాళ్ళు తన్నుకుని విడిపోయారట. వాళ్ళ చోటు ఖాళీ. తర్వాతి పేరు ఎవరిదనుకుంటున్నావు? మనదే. మూడు మార్కుల్లో పోయినవాళ్ళం కదా, మనమే ముందున్నాం. శుక్రవారం కాగితం ఇస్తామన్నాడు. ఈలోగా ఎక్కడా ఏ గొడవా లేకపోతే చాలట.

డ్రమ్ములాయన ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చాడు, అదీ తన గ్లాసులో. కుట్టుపనావిడ ముసలావిడ బొమ్మకు కొత్త గొడుగు గుడ్డ కత్తిరిస్తోంది. నేను ఏం చేయాలో తోచక నీకు రాస్తున్నాను.

నీ మీద కోపం వచ్చిన మాట నిజం. శుక్రవారం కాగితం వస్తే ఆ కోపం కూడా పోతుంది. రాకపోయినా పోతుందేమో గానీ, ఆలస్యమవుతుంది. కాగితం వచ్చాక శనివారం ఆటకు రా. మోకాళ్ళను ఒప్పించు.

నీ
పొట్టి

*

నాలుగో అంతస్తు
బుధవారం

చెల్లీ,

నీ సోమవారం ఉత్తరం ఇప్పుడే అందింది. నేను వెళ్ళొచ్చింది కూడా సోమవారమే.

జరిగింది జరిగినట్టు చెబుతాను. ఆఫీసరమ్మ మర్యాదస్తురాలు. కుర్చీ వేయించి, మంచినీళ్ళిచ్చి, నేను చెప్పిందంతా విన్నది. విన్నాక బల్ల మీది పేపర్‌వెయిట్ తీసి పక్కన పెట్టింది.

"అమ్మగారూ, ఆ ఫైలు ఎవరిదో మీరు నాకు చెప్పకుండా ఉండాల్సింది" అంది.

"తప్పు జరిగింది, దిద్దుకోవద్దా?" అన్నాను.

"మీ మార్కు కొట్టేయడం పెద్ద పని కాదండీ. కానీ చివరి పేజీలో బంధువులెవరూ లేరని ఆవిడ సంతకం పెట్టారు. మీరున్నారు. పరిశీలకులు కూడా విభాగం కిందికే వస్తారు."

"దానికి తెలియదమ్మా. నేను చెప్పలేదు. చెప్పకూడదని మీరే సంతకం పెట్టించుకున్నారు కదా?"

"నిజమే. కానీ తెలిసి రాసినా, తెలియక రాసినా, రూలు ఒకటే. సంతకం తప్పని తేలితే ఆ దరఖాస్తు రద్దు. మూడేళ్ళు మళ్ళీ పెట్టుకోకూడదు."

"నేను రాలేదనుకోండి. నేనిప్పుడు లేచి వెళ్ళిపోతాను."

అవును, అన్నాను. నేనే అన్నాను ఆ మాట. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"మీరు రాకపోయి ఉంటే నాకు తెలిసేదే కాదు. ఇప్పుడు తెలిసింది. తెలిసింది తెలియనట్టు చేయలేనండీ. మీరైతే చేస్తారా?"

నేనైతే చేయను. ఇన్నేళ్ళలో ఒక్కసారీ చేయలేదు. మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టి లేచి వచ్చేశాను.

నీ ఉత్తరం మేం గదిలో ఉన్నప్పుడు ఏ తపాలా సంచిలోనో ఉండి ఉంటుంది. నన్ను ఎలాంటి మాటైనా అను.

అక్క

*

హాలు
ఆదివారం

కాగితం శుక్రవారమే వచ్చింది. నువ్వు చెప్పిన రద్దు కాగితం. వచ్చే గురువారానికి ఖాళీ చేయాలి.

నువ్వు ఎలాంటి మాటైనా అనమన్నావు. రెండు రోజులు వెతికాను. ఇదొక్కటే దొరికింది: నీ నిజాయితీకి ఖర్చు నువ్వెప్పుడూ పెట్టుకోలేదు. ప్రతిసారీ పక్కవాళ్ళ చేత పెట్టించావు. తొమ్మిదో తరగతిలో నా చేత. తర్వాత నీ కూతురి చేత. ఐదు మార్కులు తగ్గించినప్పుడు నీకు పేరొచ్చింది, మార్కులు మాకు పోయాయి. ఇప్పుడూ అంతే. నువ్వు వెళ్ళి నిజం చెప్పి వచ్చావు. నీ గుండె తేలికపడింది. హాలు నాది.

అబద్ధమాడమని అనడం లేదు. ఒక్క రోజు ఆగి ఉంటే చాలు. నన్ను అడిగి ఉంటే చాలు. నా ఫైలు గురించి మీరిద్దరూ మాట్లాడుకున్నారు, అందులో నేను లేను.

బొమ్మల సంగతి అడుగుతావు గనక చెబుతున్నాను. ఇరవై బొమ్మలు మ్యూజియం వాళ్ళు తీసుకుంటామన్నారు, గాజుపెట్టెలో పెడతారట, దారాలు విప్పేసి. మిగతావి కుట్టుపనావిడ బంధువుల గోదాములో పెడుతున్నాం. అక్కడ ఎలుకలున్నాయి. డ్రమ్ములాయన పెళ్ళిళ్ళ బ్యాండులో చేరాడు. ఆయనకు ఆ కోటు పొడుగైంది, చేతులు సగం లోపలే ఉన్నాయి.

కొన్నాళ్ళు రాయకు. కోపం తగ్గాక నేనే రాస్తాను. తగ్గకపోయినా రాస్తాను. కానీ నేనే రాస్తాను.

*

నాలుగో అంతస్తు
ఆదివారం

పొట్టీ,

రాయొద్దన్నావు. అయినా రాస్తున్నాను. నీకు తెలియవలసిన సంగతి ఒకటుంది, చెప్పేవాళ్ళు ఇంకెవరూ లేరు.

మీరు ఖాళీ చేశాక నిన్న, శనివారం, హాలుకు వెళ్ళాను. ఎందుకని అడక్కు, నాకూ తెలియదు. మూడు మెట్లూ ఎక్కాను. తలుపుకు నగరపాలక సంస్థ తాళం వేసి ఉంది. పక్కన నేల మీద తెల్లసున్నంతో కార్లు నిలిపే గీతలు అప్పుడే గీశారు.

మెట్ల మీద బైండింగ్ కార్ఖానా వాళ్ళున్నారు. ఇరవైమందికి పైనే. వాళ్ళకెవరూ చెప్పినట్టు లేదు. ఆట వేళ దాటినా తలుపు తీయడం లేదని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. కొందరు అలవాటుగా చెప్పులు కూడా విప్పేశారు, ఆ చల్లటి మెట్ల మీద.

నన్ను చూసి లేచి నిలబడ్డారు. నీ పోలిక పట్టారో, బొమ్మ పోలిక పట్టారో.

చెప్పాలి కదా. నోరు తెరిచాను. "ఆట లేదు, మూసేశారు" అన్నాను. మళ్ళీ గట్టిగా అన్నాను. చూడు నా తెలివి, గట్టిగా అన్నాను. ఇంత నోరున్నదాన్ని, నా నోరు అక్కడ ఎందుకూ కొరగాలేదు.

సంచిలోంచి కవరు తీసి వెనక వైపు రాసి చూపించాను: "ఇక ఆట లేదు. హాలు మూసేశారు." గోళ్ళ నిండా జిగురంటుకున్న లావుపాటి ఆవిడొకావిడ కవరు అందుకుని చదివింది. నా చేతిలో పెన్ను తీసుకుని, దాని కింద ఒక్క మాట రాసింది.

"ఎందుకు?"

నలభై ఏళ్ళు నేను పిల్లల్ని అడిగిన ప్రశ్న. పెన్ను తిరిగిచ్చి, రాయి అన్నట్టు నిలబడింది. అందరూ దగ్గరికి వచ్చారు. నగరపాలక సంస్థ రూలు మార్చిందని రాయొచ్చు. మూడు మార్కులు తక్కువయ్యాయని రాయొచ్చు. రెండూ నిజాలే. పెన్ను పెట్టాను, తీశాను, చివరికి "నా వల్ల" అని రాశాను.

ఆవిడ చదివింది. నన్ను చూసింది. కవరు పక్కావిడకు ఇచ్చింది. అది చేతులు మారి మారి చివరి మెట్టు దాకా వెళ్ళింది. ఒక్కొక్కరూ చదవడం, తలెత్తి నన్ను చూడడం. కవరు నాకు తిరిగి రాలేదు.

తర్వాత వాళ్ళు మాట్లాడుకున్నారు. ఇరవైమంది, నలభై చేతులు, చాలాసేపు. నేను మధ్యలో నిలబడ్డాను. ఒక పెద్దాయన చెయ్యి ఎత్తి ఏదో గట్టిగా అన్నాడు, ఒకావిడ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. ఎవరో నవ్వారు. ఎవరో కళ్ళు తుడుచుకున్నారు. చప్పుడు మాత్రం లేదు, వీధిలో బస్సు వెళ్ళిన చప్పుడు తప్ప. అదీ నా ఒక్కదానికే.

ఆ చేతులు నా గురించి ఏమన్నాయో నాకు తెలియదు. నువ్వుంటే చెప్పేదానివి.

అక్క